మంచు మీద వైరు

వెర్బోవా, సస్కాచెవాన్
1983 నవంబరు 9

టిల్లీ వదినకి,

మీ పోస్టుకార్డు అందింది. నారింజ చెట్టు కింద కుర్చీ వేసుకుని, కాళ్లు చాపుకుని రాస్తున్నానని మీరు రాస్తే, చదువుతున్న నాకు ఒళ్లు మండింది. ఇక్కడ నిన్నటి నుంచీ మంచే మంచు. వాకిలి ఊడ్చి లోపలికొచ్చి చేతులు కాచుకునేసరికి మళ్లీ అంత పడి ఉంటోంది.

చుట్టూ తిప్పడమెందుకు, చెప్పేస్తాను. ఈ ఏడు మేం రావడం లేదు. నా మోకాలు బాగాలేదు. మంచం, పొయ్యి అన్నీ ఉన్న ఇంటిబండే అయినా, అంత దూరం అందులో కూర్చుని రావడం నా వల్ల కాదు. ట్రైలర్ల పార్కులో మా బండి చోటు ఎవరికైనా ఇచ్చుకోమని ఆఫీసులో చెప్పండి. పక్క ట్రైలర్ వెర్నా అడిగితే మోకాలనే చెప్పండి. ఆవిడకి ఒకరి జబ్బు కబుర్లంటే ప్రాణం కదా, నాలుగు రోజులు కాలక్షేపం అవుతుంది.

ఇంటిబండిని చలికాలానికి పడుకోబెట్టేశాం. గొట్టాల్లో నీళ్లు వదిలేసి, గడ్డకట్టని ఆ గులాబిరంగు మందు పోశాం. ఎలుకలు దూరకుండా కన్నాలన్నీ ఇనుప పీచుతో కుక్కాం. ఒక తమాషా చెప్పనా, నీళ్లన్నీ వదిలేశాక మీ తమ్ముడు మళ్లీ ట్యాంకు నింపడం మొదలుపెట్టారు. "ఏమండీ, ఏం చేస్తున్నారు?" అంటే, "నువ్వుండవే, దారిలో నీళ్లక్కర్లేదా?" అని కసిరారు. పరధ్యానం. మళ్లీ మొదటి నుంచీ వదిలించాం. ఏటా బ్యాటరీ తీసి నేలమాళిగలో పెట్టేవారు కదా, ఈసారి ముట్టుకోనివ్వలేదు. పోనీలెమ్మని ఊరుకున్నాను. కొట్టం పక్కన కరెంటు స్తంభం దగ్గర నిలబెట్టాం, వంటింటి కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది.

మీరు ఒక్కరే ఉన్నారు. ఎండ ఉంది కదా అని టోపీ లేకుండా తిరగకండి.

మీ నెట్టీ

*

మిషన్, టెక్సాస్
1983 నవంబరు 20

ఏమే నెట్టీ,

మోకాలా! ఆగస్టులో పెళ్లిలో మీ పక్క పొలం ఓరెస్ట్ చేత పోల్కా డాన్సు ఆడించి, నిక్షేపంలాంటి ఆ యాభై ఏళ్ల మనిషిని ఆయాసంతో కుర్చీలో కూలబడేసింది ఎవరి మోకాలమ్మా? పెళ్లికూతురి కంటే ముందు గచ్చు మీదికి దూకావు. నేను కళ్లారా చూశాను. వదినతో అబద్ధమాడాలంటే ఇంకాస్త గట్టిది వెతుక్కోవాలి పిల్లా, నలభై ఏళ్లయింది నువ్వు మా ఇంట్లో అడుగుపెట్టి.

వెర్నాకి మోకాలనే చెప్పాను. ఆవిడ వెంటనే నీకోసం ఏదో లేపనం కొనిపెట్టింది. వచ్చే ఏడు నువ్వది రాసుకుని తీరాలి.

ఇక అసలు సంగతికి రా. మావాడికి ఏమైంది? నెస్టర్ నీళ్లు వదిలేసి మళ్లీ నింపాడని నువ్వు తమాషాగా రాశావు. నాకు తమాషాగా లేదు. ఉన్నది ఉన్నట్టు రాయి. ఫోను మాత్రం చెయ్యకు. మీ లైను మీద ఇంకా నాలుగు ఇళ్లున్నాయి. నువ్వు హలో అనగానే నాలుగు ఇళ్లలోనూ రిసీవరెత్తి ఊపిరి బిగబట్టుకుంటారు. ఇక్కడేమో ఫోను ఆఫీసులో, వెర్నా చెవి దానికి రెండడుగుల దూరంలో.

ఉత్తరమే రాయి. పళ్లు పంపిస్తున్నాను, పెట్టె పోస్టాఫీసులో ఎక్కువ రోజులు ఉంచకు, గడ్డకడతాయి.

మీ వదిన

*

వెర్బోవా
1983 డిసెంబరు 4

వదినా,

మీతో దాచి బతకలేను. మోకాలు బాగానే ఉంది. మీ తమ్ముడే బాగాలేరు.

వేసవి నుంచీ చూస్తున్నాను. గొర్రెల్ని అమ్మేసి ఆరేళ్లయిందా, పొద్దున్నే లేచి మేతకి వెళ్లేవారు. ఓరెస్ట్ పేరు మరిచిపోయి "ఆ పొడుగాటివాడు" అనేవారు. అక్టోబరులో పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కాగితం మీద గడియారం గియ్యమన్నాడు. గుండ్రంగా గీసి, అంకెలన్నీ ఒకే మూల కుప్పగా పోసి, "ఇదిగో, సరిగ్గా భోజనం వేళ" అన్నారు మీ తమ్ముడు, దర్జాగా. నాకు నవ్వొచ్చింది, బయటికొచ్చాక కారులో కూర్చుని ఏడ్చాను. ఇక బండి నడపనివ్వకమ్మా అన్నాడు డాక్టరు. వచ్చేసారి పరీక్షలో లైసెన్సు తీసేసుకుంటాడట.

నా కారు జోలికి పోరు, అది నాదని ఎక్కడో గుర్తుంది. ఆయన ప్రాణమంతా ఇంటిబండి మీదే. రేపు పొద్దున్నే టెక్సాస్ బయల్దేరాలి. ప్రతి రేపూ అదే. రోజూ సాయంత్రం భోజనం కాగానే టోపీ పెట్టుకుని వెళ్లి, రాత్రంతా ఇంజన్‌ని వెచ్చగా ఉంచే హీటర్ వైరు స్తంభానికి తగిలించి వస్తారు. "నెట్టీ, ప్లగ్గు పెట్టాను. పొద్దున్నే లేవాలి, తొందరగా పడుకో" అంటారు. చలికాలమంతా నిద్రపోవాల్సిన బండికి హీటర్ పెట్టేవాళ్లెవరైనా ఉంటారా? అది పెట్టారంటే బయల్దేరడానికే కదా.

తాళాలు దాచలేదా అని అడుగుతారు, దాచాను. ఇల్లంతా తలకిందులు చేశారు. "దొంగముండా, ఎవరికిచ్చావే నా బండి?" అని నన్ను గోడకేసి తోశారు. నలభై ఏళ్లలో నా మీద చెయ్యి వెయ్యని మనిషి వదినా. తర్వాత బంపరు వెనక ఎప్పుడో కట్టి పెట్టుకున్న రెండో తాళం వెతికి తెచ్చుకున్నారు. నా పేరు మరిచిపోయే రోజులున్నాయి, ఆ తాళం మాత్రం గుర్తుంది. బ్యాటరీ నేను ఎత్తలేను. వైరు కోస్తే నిమిషంలో అతికించేస్తారు, చేతులకి అన్నీ జ్ఞాపకమే. స్తంభం ఫ్యూజు తీద్దామంటే బావి పంపు కూడా దాని మీదే, నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగిలిపోతాయి.

అందుకని నేనొక పని చేస్తున్నాను. ఆయన వైరు పెట్టి వచ్చి టీవీ ముందు కూర్చోగానే, పిల్లికి పాలు పొయ్యాలని చెప్పి వెళ్లి ఆ ప్లగ్గు పీకేసి వస్తున్నాను. ఈ చలికి ప్లగ్గు లేకపోతే ఇంజన్లో నూనె తారులా బిగుసుకుపోతుంది. పొద్దున ఆయన కోటు వేసుకుని, మంచి టోపీ పెట్టుకుని వెళ్లి తాళం తిప్పుతారు. అది ఒకసారి మూలుగుతుంది, ఆగిపోతుంది. కాసేపు కూర్చుని లోపలికొచ్చి, "ఇవాళ మరీ చలిగా ఉందే, రేపు వెళ్దాం" అంటారు. కోటు విప్పి టీ తాగుతారు. గొడవ లేదు, కేకలు లేవు.

ఇప్పుడు ఈ చలే నాకు తాళం. చిన్నప్పటి నుంచీ తిట్టుకున్న చలి, ఇంకా పెరగాలని దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

మీ నెట్టీ

*

మిషన్, టెక్సాస్
1983 డిసెంబరు 15

నెట్టీ,

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని చీకటిపడే దాకా అలాగే కూర్చున్నాను.

నాకు తెలుసు పిల్లా. పోయిన ఫిబ్రవరిలోనే తెలుసు. వాడు బట్టలు ఉతకడానికి వెళ్లి, మీ ఇంటిబండి ఎక్కడో తెలియక పార్కంతా తిరుగుతుంటే నేనే చూశాను. తడిబట్టల బుట్ట గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. "అక్కా, ఇళ్లన్నీ జరిపేశారు" అన్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. నీకు చెప్పొద్దని వాడూ అన్నాడు, నేనూ సరేనన్నాను. చెబితే నిజమైపోతుందని నా భయం.

ఇప్పుడు నా మాట విను. ఎవరికీ చెప్పకు. ఓరెస్ట్‌కి వద్దు, ఫాదర్ గారికి వద్దు, చర్చి ఆడవాళ్లకి అసలే వద్దు. మా నాన్నకి ఇదే వచ్చినప్పుడు అమ్మ భయపడి ఫాదర్ గారికి చెప్పింది. ఆయన మంచికే డాక్టరుకి చెప్పాడు. మర్నాడు బండి వచ్చింది. నాన్నని ఆ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు, కిటికీలకి కడ్డీలున్న దానికి. నెస్టర్ అప్పటికి కుర్రవాడు. బండి వెనకాల రోడ్డు మలుపు దాకా పరుగెత్తాడు. నాన్న మళ్లీ ఇంటికి రాలేదు, పెట్టెలో వచ్చాడు. ఆ రోజు రాత్రి వాడు నాతో అన్నాడు, "నాకిలా అయితే నన్ను ఇవ్వకండే అక్కా" అని. నేను మాటిచ్చాను. పదహారేళ్ల పిల్లాడికి ఇచ్చిన మాటైనా మాట మాటే.

నువ్వు చేస్తున్న పని బంగారంలాంటి పని. పీకుతూ ఉండు. చలి మార్చి దాకా ఉంటుంది. ఏప్రిల్లో నేను వచ్చేస్తాను, మనిద్దరం కలిసి చూసుకుందాం వాణ్ణి. అప్పటిదాకా నోరు కట్టుకో.

తోశాడన్నావు. దెబ్బ తగిలిందా? అది రాయలేదు నువ్వు.

మీ వదిన

*

వెర్బోవా
1983 డిసెంబరు 28

వదినా,

భుజం కాస్త నల్లబడింది, తగ్గిపోయింది. అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ఇంత చలి నాకు ఊహ తెలిశాక చూడలేదు. క్రిస్మస్ వారం మొత్తం మైనస్ ముప్ఫై దాటే ఉంది. బయటికి వెళ్తే ముక్కు లోపల వెంట్రుకలు సూదుల్లా గుచ్చుకుంటున్నాయి. నాకు మాత్రం ఇంతకంటే సుఖమైన రోజులు లేవు. పొద్దున ఆయన తాళం తిప్పుతారు, అది మూలుగుతుంది, ఆయన తిరిగొస్తారు. నిన్న నాకోసం నా దిండు కూడా తీసుకెళ్లి పక్క సీట్లో పెట్టారు. "నడుం నొప్పి అంటావుగా దారంతా" అన్నారు. నేను వెళ్లి తెచ్చుకోలేదు, ఉండనివ్వండి పాపం.

మొన్న మంచు పడ్డాక ఓరెస్ట్ ట్రాక్టరు తెచ్చి వాకిలి శుభ్రం చేశాడు. లోపలికి పిలిచి టీ ఇచ్చాను. మీ తమ్ముడు ఎంత బాగా మాట్లాడారనుకున్నారు! గోధుమ ధర, రైలు కంపెనీ వాళ్ల దొంగతనం, పాత ప్రధానిని తిట్టడం, అన్నీ పాత పాటలే, ఒక్క పదం తప్పలేదు. పేరు పెట్టి పిలవలేదంతే. ఓరెస్ట్‌కి ఏమీ తెలియలేదు. "బాబాయ్ ఇంకా గట్టిగానే ఉన్నాడు పిన్నీ, ఈ ఏడు టెక్సాస్ ఎందుకు మానేశారు?" అన్నాడు. "మోకాలు నాయనా" అన్నాను. వాడు నా మోకాలి వంక చూసి నవ్వాడు, పెళ్లి గుర్తొచ్చి ఉంటుంది.

వాడు వెళ్తుంటే గుమ్మం దాకా వెళ్లాను వదినా. చెబుదామని నోటి దాకా వచ్చింది. "ఓరెస్ట్, మీ బాబాయ్ బండెక్కితే నాకు కబురు చెయ్యి" అంటే చాలు. మిగతాదంతా వాడే అర్థం చేసుకుంటాడు. కాని మీ మాట గుర్తొచ్చింది, ఆ కడ్డీలు గుర్తొచ్చాయి. "రొట్టె పట్టుకుపో" అని మాత్రం అన్నాను.

ఒక్కదాన్నే మొయ్యడం కష్టంగా ఉంది. చర్చి వంటింట్లో నలుగురితో కూర్చుని బంగాళదుంప కూరి పిరోగీలు చెయ్యడానికి రెండు మంగళవారాలు మానేశాను. మూడోది కూడా మానేస్తే నలుగురూ పరామర్శకి వచ్చి కూర్చుంటారు. అప్పుడింకేం దాస్తాను? వెళ్లాలి. ఒక్క పూటే కదా.

మీ నాన్న పేరున కూడా ఈసారి పళ్లెం పెడతాను, జనవరిలో మన పాత క్యాలెండరు క్రిస్మస్ ముందురోజు. మీరు అక్కడ ఒక్కరే తింటారని బెంగగా ఉంది.

మీ నెట్టీ

*

మిషన్, టెక్సాస్
1984 జనవరి 8

నెట్టీ,

మొన్న రాత్రి మన పండగ ఒక్కదాన్నే చేసుకున్నాను. పన్నెండు వంటకాలు ఎక్కడ చేస్తాను, ఐదు చేశాను. తేనె, గసగసాలు వేసి గోధుమ పాయసం వండాను, ఈ ఎండ దేశంలో గసగసాలు దొరకడానికి మూడు ఊళ్లు తిరిగాను. చనిపోయినవాళ్ల కోసం ఖాళీ పళ్లెం పెట్టి దానికెదురుగా కూర్చున్నాను.

నాన్న గురించే ఆలోచించాను. ఇన్నేళ్లూ ఫాదర్ గారిని తిట్టుకున్నాను, ఊరిని తిట్టుకున్నాను. నెట్టీ, నాన్న అప్పటికి రెండుసార్లు కొట్టానికి నిప్పంటించాడు. అమ్మ రాత్రంతా మేలుకుని, పగలంతా ఆవుల్ని చూసుకుని, ఆ శీతాకాలంలో సగానికి సగం అయిపోయింది. నాన్నని ఇచ్చెయ్యాల్సి వచ్చింది ఊరికి చెప్పడం వల్ల కాదు. రెండేళ్లు ఎవరికీ చెప్పకుండా అమ్మ ఒక్కతే మోసి మోసి, ఇక చేతకాకపోయాక చెప్పింది. ముందే చెప్పి ఉంటే పక్కింటివాళ్లు వంతులేసుకుని చూసి ఉండేవారు. మనవాళ్లు అలాంటివాళ్లే కదా.

నేను నీకు తప్పు చెప్పాను. ఓరెస్ట్‌కి చెప్పు. ఇవాళే చెప్పు. ఈ ఉత్తరం చదివి, కోటు వేసుకుని, వాడింటికి వెళ్లి చెప్పు. వాడు నోరు జారే మనిషి కాదు. నేను మార్చిలోనే వచ్చేస్తాను, బస్సుకి టిక్కెట్టు కొంటున్నాను.

మీ వదిన

*

వెర్బోవా
1984 జనవరి 24

వదినా,

ఆఫీసు ఫోనులో మీరు ఏడుస్తుంటే నేనేం చెప్పానో నాకే గుర్తులేదు. నా వెనక ఓరెస్ట్ ఇంటినిండా జనం. నెస్టర్ పోయారు, బండి దిగబడింది, చలి, అంతవరకే చెప్పి ఉంటాను. మంచుకి విమానాలు ఆపేశారు, మీరు రాలేకపోయారు. అంతా మీకే చెప్పాలి. ఇంకెవరికీ చెప్పలేను.

పదో తారీఖు మంగళవారం. ముందు రోజంతా ఈదురుగాలి, మంచు కొట్టి కొట్టి వదిలింది. సాయంత్రం ఆయన ప్లగ్గు పెట్టారు, నేను పీకాను. పీకి ఎప్పట్లా మంచులో పడేసి వచ్చేశాను. పొద్దున ఆయనకి ఒళ్లు వెచ్చబడి, తాళం తిప్పడానికి కూడా వెళ్లకుండా కుర్చీలో నిద్రపోయారు. నేను కిటికీలోంచి చూసుకున్నాను. వైరు కింద పడే ఉంది. చలి ఎముకలు కొరికేస్తోంది. ఇక భయం లేదు, బండి కదలదనుకుని పిరోగీలకి వెళ్లాను.

నేను వెళ్లగానే ఓరెస్ట్ వచ్చాడు, వాకిలి మంచు తియ్యడానికి. బాబాయ్ నిద్రపోతున్నాడని తలుపు కొట్టలేదు. కొట్టం దగ్గర తీస్తుంటే వైరు కనబడింది. మంచు మీద పడి ఉన్న వైరు.

వదినా, మన ఊళ్లో అలాంటి వైరు చూస్తే ఎవరైనా ఏం చేస్తారు? చర్చి ముందు ఫాదర్ గారి కారుకి పెడతాం, సంత దగ్గర ముక్కూమొహం తెలియనివాడి బండికి పెడతాం. పెట్టి మన దారిన మనం పోతాం. చెప్పే పని కూడా కాదది. వాడూ పెట్టాడు. నేను కూడా లెక్కలేనన్నిసార్లు ఆ పని చేసినదాన్నే, ఓరెస్ట్ చేస్తాడని నాకు ఎందుకు తట్టలేదు? గోడకేసి తల కొట్టుకుంటున్నాను, ఎందుకు తట్టలేదు?

మధ్యాహ్నం నేను వచ్చేసరికి గేటు తీసి ఉంది. కొట్టం పక్కన బండి ఆకారంలో ఖాళీ నేల. స్తంభం నుంచి వైరు తెగి వేలాడుతోంది, ప్లగ్గు పీకకుండానే నడిపేశారు.

పెద్ద రోడ్డుకి వెళ్లలేదు. పాత బడి పక్కనుంచి వెళ్లే వేసవి రోడ్డు ఎక్కారు, ఏటా అక్టోబరులో మనం వెళ్లేది. చలికాలం ఆ రోడ్డు మంచు ఎవరూ తియ్యరు. మేం ఎప్పుడూ మంచుకి ముందే బయల్దేరేవాళ్లం కదా, దాన్ని ఆయన మంచులో చూడనే లేదు. పోలీసులూ ఊరివాళ్లూ పెద్ద రోడ్డంతా, సరిహద్దు దాకా వెతికారు. సాయంత్రానికి మళ్లీ గాలి లేచింది, ఇక ఏమీ కనిపించలేదు. మర్నాడు పొద్దున మంచుబండి మీద వెళ్లి ఓరెస్టే చూశాడు. చక్రాలు మునిగిపోయి ఉన్నాయట. పెట్రోలు అయిపోయేదాకా ఇంజను నడిచినట్టుంది.

మీ తమ్ముడు స్టీరింగు ముందే కూర్చుని ఉన్నారు, మంచి టోపీ పెట్టుకుని. ఒంటి మీద చొక్కా ఒక్కటే. కోటు పక్క సీట్లో నా దిండు మీద కప్పి ఉంది. దిండుకి బెల్టు పెట్టి ఉంది. నాకు చలి వేస్తుందని కప్పారు వదినా.

నేల రాయిలా ఉంది. గొయ్యి తవ్వడానికి ఓరెస్ట్ నేల మీద బొగ్గులు పోసి, రేకు కప్పి, రెండు రోజులు మంట ఆరకుండా కాపలా కాశాడు. మీ తమ్ముణ్ణి తీసుకోవడానికి నేలని కూడా వెచ్చబెట్టాల్సి వచ్చింది.

పూడ్చి వచ్చాక చర్చి నేలమాళిగలో భోజనాల దగ్గర ఓరెస్ట్ నా పక్కన కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పిన్నీ, ఆ పొద్దున వైరు మంచులో పడి ఉంటే నేనే పెట్టాను. నువ్వు మరిచిపోయావనుకున్నాను" అన్నాడు. వాడు ఇంకా అన్నాడు, "అది పెట్టబట్టే కదా ఇంజను నడిచింది. పాపం బాబాయ్‌కి చివరి గంటల్లో కాస్త వేడైనా దక్కింది. అదొక్కటే నాకు తృప్తి."

ఊరంతా మీ తమ్ముణ్ణి తలుచుకుని నవ్వి ఏడుస్తోంది. మొండివాడు, టెక్సాస్ అంటే పిచ్చి, పెళ్లాం వద్దన్నా వినకుండా బయల్దేరాడు, అంటున్నారు. ఆయన బుర్ర పాడైన సంగతి ఒక్కరికీ తెలియదు. మనం గెలిచాం వదినా, దాచి గెలిచాం.

నేను ఓరెస్ట్ చెయ్యి పట్టుకున్నాను. "అవును నాయనా, మరిచిపోయాను" అన్నాను. "మంచి పని చేశావు" అన్నాను. వాడికి ఇంకో రెండు పిరోగీలు వడ్డించాను.

ఓరెస్ట్‌కి చెప్పమని మీరు రాసిన ఉత్తరం ఆ మర్నాడు వచ్చింది.

నెట్టీ

*

మిషన్, టెక్సాస్
1984 ఫిబ్రవరి 5

నెట్టీ,

ఎలా రాయాలో తెలియడం లేదు. నాలుగు కాగితాలు చింపాను.

నువ్వు గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయావంటే నా మాట వల్ల. ఆ రొట్టెకి బదులు ఒక్క మాట చెప్పి ఉంటే వాడు ఆ వైరు ముట్టేవాడు కాదు. ఇది నా పని. నీది కాదు, ఓరెస్ట్‌ది అసలే కాదు. నేనే నా తమ్ముణ్ణి చంపుకున్నాను.

వెర్నా కూడా ఏమైందని అడగడం మానేసింది, అంటే నా మొహం ఎలా ఉందో చూసుకో.

నేను ఓరెస్ట్‌కి ఉత్తరం రాస్తాను. అంతా రాస్తాను. నెస్టర్ జబ్బు సంగతి, నువ్వు ప్లగ్గు పీకే సంగతి, నిన్ను నోరు మూసుకోమన్నది నేనని. నిజం తెలియాలి కదా మనిషికి. ఎవరో ఒకరు నన్ను గట్టిగా తిట్టాలి నెట్టీ. నువ్వు తిట్టవు, నాకు తెలుసు. వాడు తిడతాడు. తిట్టించుకోకపోతే నేను బతకలేను.

కవరు మీద చిరునామా రాసి పెట్టాను. నీకు చెప్పకుండా వెయ్యడం ఇష్టం లేక ఆగాను.

మీ వదిన

*

వెర్బోవా
1984 మార్చి 2

వదినా,

ఆ కవరు పొయ్యిలో పడెయ్యండి.

నలభై ఏళ్లలో నేను మీకు ఎదురు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. మీ గుండె తేలికవడానికి ఆ బరువు తీసుకెళ్లి వాడి నెత్తిన పెడతానంటే ఊరుకోను. మీరు రాస్తే వాడు మిమ్మల్ని తిడతాడనుకుంటున్నారా? ఒక్క మాట అనడు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ, ఎక్కడ వైరు కనబడినా వాడి చెయ్యి ఆగిపోతుంది. వాడికి తెలియాల్సిన అవసరమేముంది? తెలిస్తే మీ తమ్ముడు లేచొస్తారా?

తిట్టాలా మిమ్మల్ని? తిడతాను రండి. పోయిన ఏడు ఫిబ్రవరిలోనే చూసి, నాకెందుకు చెప్పలేదు? ఏడాది ముందే తెలిసి ఉంటే నేను ఆ బండిని ఎవరికో కట్టబెట్టేదాన్ని. చాలా? నన్ను కూడా తిట్టండి, గుమ్మం దాకా వెళ్లి రొట్టె ఇచ్చి పంపినందుకు. ఇద్దరం ఒకరినొకరం తిట్టుకుందాం, మన నోట్లోనే ఉండిపోవాలి. ఓరెస్ట్ చెవిన పడకూడదు. అది మీరు నాకివ్వాల్సిన మాట. పదహారేళ్ల పిల్లాడికి ఇచ్చిన మాట మాటే అన్నారుగా, ఇది కూడా మాటే.

మీరు మార్చిలో కాదు, ఏప్రిల్లోనే రండి. రోడ్లు బురద. ఇంటిబండిని పోలీసులు లాక్కొచ్చి కొట్టం వెనక పెట్టారు. నేను అటు వెళ్లడం లేదు. దిండు మాత్రం తెచ్చుకున్నాను. కోటు ఉతకలేదు.

ఓరెస్ట్ రోజూ వస్తున్నాడు. ఒంటరి ఆడది, పొద్దున్నే కారు కదలకపోతే ఏమైపోతుందని వాడి బెంగ. చీకటిపడే ముందు ట్రాక్టరు చప్పుడు వినిపిస్తుంది, దిగి నా కారుకి ప్లగ్గు పెట్టి, లైటు వేసి ఉందో లేదో చూసి వెళ్తాడు. మొదట్లో వాడికి పని తప్పించాలని ముందే నేను పెట్టేద్దామనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లి, ఆ వైరు వంక చూసి, ముట్టుకోలేక వెనక్కొచ్చేశాను.

చలి కాస్త తగ్గింది. ఇక ప్లగ్గు అక్కర్లేదు కూడా. వద్దంటే ఎందుకంటాడు. అందుకని ఊరుకున్నాను.

నిన్న సాయంత్రం నేను బయట ఉండగానే వచ్చాడు. కారు ముందు వంగి, మంచులోంచి వైరు తీసి, దులిపి, స్తంభానికి పెట్టాడు. "పిన్నీ, మళ్లీ మరిచిపోయావు" అన్నాడు నవ్వుతూ.

"మరిచిపోయాను నాయనా" అన్నాను.

మీ నెట్టీ